ఆస్తి సాధువుది, లెక్క సన్యాసులది: డర్హం ప్రయరీ చరిత్ర

ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలో, వియర్ నది మూడు వైపులా చుట్టుకుని పారే ఎత్తైన రాతిగట్టు మీద డర్హం కతీడ్రల్, అంటే బిషప్ పీఠమున్న ప్రధాన చర్చి, ఉంది. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ కట్టడాన్ని చూడవచ్చేవారు దాని బలమైన స్తంభాలనూ రాతి కప్పునూ చూసి ఆశ్చర్యపోతారు. అయితే 1083 నుంచి 1539 వరకు, అంటే దాదాపు నాలుగున్నర శతాబ్దాలపాటు, అది సెయింట్ బెనెడిక్ట్ నియమావళిని పాటించే బెనెడిక్టైన్ సన్యాసుల మఠానికి ప్రార్థనాలయంగా ఉండేదనీ, ఆ మఠం ఉత్తర ఇంగ్లండ్‌లోని పెద్ద భూస్వాముల్లో ఒకటిగా వ్యవహరించేదనీ చాలామంది దృష్టికి రాదు. డర్హం ప్రయరీ అని పిలిచే ఆ మఠం చరిత్రలో మొదట గ్రహించవలసిన విషయం ఆ భూముల యాజమాన్యానికి సంబంధించినది. 687లో మరణించిన కత్‌బర్ట్ అనే సాధువునే వాటి అసలు యజమానిగా ఆనాటివారు భావించేవారు. మన గుడిమాన్యాల్లో దేవుడే భూమికి హక్కుదారుగా ఉండి, పూజారులూ ధర్మకర్తలూ ఆయన తరఫున వ్యవహారం చూసినట్టే, ఇక్కడ సమాధిలోని సాధువు తరఫున సన్యాసులు శిస్తు వసూలు చేశారు, కోర్టులు నడిపారు, బిషప్పులతోనూ రాజులతోనూ వ్యాజ్యమాడారు. ప్రయరీ ఎదుగుదల, తగాదాలు, చివరికి దాని రద్దు కూడా ఈ ఒక్క భావన చుట్టూనే తిరిగాయి.

కత్‌బర్ట్ లిండిస్‌ఫార్న్ దీవిలోని మఠానికి చెందినవాడు. 635లో ఏడన్ స్థాపించిన ఆ మఠంలోనే ఆయన్ను సమాధి చేశారు. పదకొండేళ్ల తరువాత పెట్టె తెరిచి చూస్తే దేహం చెడకుండా ఉందన్న వార్త పొక్కడంతో ఆయన సమాధి యాత్రాస్థలమైంది. వైకింగుల దాడులు పెరిగాక, 875లో ఆ మఠంవారు శవపేటికను మోసుకుని దీవిని విడిచిపెట్టారు. ఎన్నో చోట్ల తిరిగిన తరువాత 883లో చెస్టర్-లె-స్ట్రీట్‌లోనూ, 995లో డర్హం గట్టు మీదా స్థిరపడ్డారు. ఈ ప్రయాణం పొడవునా రాజులు భూములను కత్‌బర్ట్ పేరిటే రాసిచ్చారు. 934లో అథెల్‌స్టాన్ రాజు చెస్టర్-లె-స్ట్రీట్‌కు వచ్చి సమర్పించిన కానుకల్లోని బంగారు జరీ పట్టు అల్లికల్లో కొంత భాగం నేటికీ డర్హంలో భద్రంగా ఉంది. టైన్, టీస్ నదుల మధ్య నివసించే ప్రజలు తమను ఆ సాధువు జనంగా చెప్పుకునేవారు.

1083 నాటి మార్పును ఈ నేపథ్యంలో చూడాలి. నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించాక ఉత్తరాది వారికి సులువుగా లొంగలేదు. 1069లో రాజు పంపిన ఎర్ల్ రాబర్ట్ కొమిన్‌ను అతని సైనికులతో సహా డర్హంలోనే చంపేశారు. 1080లో బిషప్ వాల్షర్‌ను గేట్స్‌హెడ్‌లో హతమార్చారు. ఆ తరువాత బిషప్పుగా వచ్చిన సెయింట్ కలే విలియం, సాధువు సమాధిని తరతరాలుగా కాపాడుతున్న పెళ్లయిన పూజారి కుటుంబాలను తొలగించి, వారి స్థానంలో వియర్‌మత్, జారో మఠాల నుంచి 23 మంది సన్యాసులను తెచ్చి కూర్చోబెట్టాడు. పాతవారికి సన్యాసం తీసుకుని ఉండిపోయే అవకాశం ఇచ్చాడనీ, వారిలో ఒక్కరే, అది కూడా అప్పటికే సన్యాసి అయిన సొంత కొడుకు నచ్చజెప్పడంతో, ఒప్పుకున్నారనీ మఠం చరిత్రకారుడు సిమియన్ రాశాడు. సిమియన్ కొత్తవారి పక్షాన రాసినవాడు కాబట్టి, వెళ్లగొట్టబడినవారి మాట మనకు వినిపించదు. దీన్ని కేవలం మత సంస్కరణగా వర్ణించడం సగం నిజమే. స్థానిక కుటుంబాల చేతుల్లో వారసత్వంగా ఉన్న సాధువునూ ఆయన భూములనూ, వారసులు లేని, రాజుకు విధేయమైన ఒక సంస్థ చేతుల్లో పెట్టడమే దాని అసలు ఫలితం.

1093 ఆగస్టు 11న కొత్త కతీడ్రల్‌కు పునాది వేశారు. 1104లో కత్‌బర్ట్ దేహాన్ని కొత్త గుడి తూర్పు భాగానికి తరలించారు. ఆ సందర్భంలో పెట్టెలో దొరికిన చిన్న సువార్త పుస్తకం, ఐరోపాలో అసలు అట్టతో సహా చెక్కుచెదరకుండా మిగిలిన పుస్తకాల్లో అత్యంత పురాతనమైనది. దాన్ని 2012లో బ్రిటిష్ లైబ్రరీ 90 లక్షల పౌండ్లకు కొన్నది. 1133 నాటికి నిర్మాణం చాలావరకు పూర్తయింది. రాతి పక్కటెముకలతో బరువు మోసే కప్పును ఇంత పెద్ద గుడి అంతటా వేయగలగడం ఆ కాలానికి గొప్ప సాహసం. తరువాత వచ్చిన గోథిక్ నిర్మాణానికి దారి చూపిన ప్రయోగాల్లో దీన్ని ముందువరుసలో చెబుతారు. ఒక బిషప్ చనిపోయి మరొకరు రాని కాలాల్లో పని ఆగకుండా నడిపించింది సన్యాసులే. సాధువు గుడిని తామే కట్టించామన్న వారి గర్వం అక్కడ పుట్టిందే.

ఇక్కడ వ్యవస్థలోని ఒక మెలికను వివరించాలి. మామూలు బెనెడిక్టైన్ మఠానికి అధిపతి అబ్బాట్. కతీడ్రల్‌కు అనుబంధమైన మఠంలో మాత్రం ఆ స్థానం నామమాత్రంగా బిషప్పుది. రోజువారీ అధికారం చలాయించేది ఆయన కింది ప్రయర్. అందుకే దీన్ని ప్రయరీ అంటారు. ఒకే సాధువు ఆస్తి బిషప్పుకూ ప్రయరీకీ మధ్య రెండుగా చీలింది. ఏ ఊరు ఎవరిది, ఏ కోర్టులో జరిమానా ఎవరికి చెందుతుంది, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ సరుకు ఎవరిది అన్న ప్రశ్నలు తరాల తరబడి నలిగాయి. డర్హం బిషప్ సామాన్యుడేమీ కాడు. స్కాట్లాండ్ సరిహద్దును కాపాడే బాధ్యతకు బదులుగా, తన ప్రాంతంలో రాజుకు ఉండే అధికారాల్లో చాలా వాటిని తానే అనుభవించేవాడు. అలాంటి బలవంతుడి ఎదుట నిలవడానికి సన్యాసులకు ఉన్న ఆయుధం రాత. 12వ శతాబ్దంలో వారు తమ వ్యవస్థాపక బిషప్ పేరిట దొంగ దస్తావేజులు తయారు చేశారు. ప్రయర్‌కు అబ్బాట్‌తో సమానమైన హక్కులున్నాయనీ, ఫలానా భూములూ చర్చీలూ మొదటి నుంచీ మఠానివేననీ వాటిలో రాసుకున్నారు. ఇవి కల్పితాలని నేటి పండితులు నిర్ధారించారు. అయితే ఆ రాతను అత్యాశగా మాత్రమే చూస్తే విషయం అందదు. నోటిమాట మీద నడిచిన పాత కాలపు హక్కులు కాగితం అడిగే కొత్త కాలంలోకి వచ్చినప్పుడు, నిజంగా తమదేనని నమ్మినదాన్ని రుజువు చేయడానికి కాగితం పుట్టించడం ఆనాటి మఠాల్లో విరివిగా జరిగింది. 1229లో బిషప్ రిచర్డ్ పూర్‌తో కుదిరిన ఒప్పందం ఈ హక్కుల్లో చాలావాటిని స్పష్టంగా పంచిపెట్టింది.

ఒప్పందం కుదిరినంత మాత్రాన గొడవ చల్లారలేదు. 1300లో బిషప్ ఆంథొనీ బెక్ మఠాన్ని తనిఖీ చేయడానికి బయలుదేరినప్పుడు, బిషప్ ఒంటరిగా రావాలే తప్ప పరివారంతో రాకూడదని ప్రయర్ రిచర్డ్ హోటన్ అడ్డుపడ్డాడు. బయటివాళ్లు వచ్చి మఠం లోపలి లెక్కలనూ లోపాలనూ చూడడం అతనికి సమ్మతం కాదు. బెక్ అతన్ని పదవి నుంచి తొలగించి, హోలీ ఐలండ్ (లిండిస్‌ఫార్న్) శాఖకు అధిపతిగా ఉన్న హెన్రీ లూస్‌బీని ప్రయర్‌గా నియమించాడు. సన్యాసులు లొంగకపోవడంతో బిషప్ మనుషులు మఠాన్ని ముట్టడించి, ఆహారం లోపలికి వెళ్లకుండా ఆపి, నీటి గొట్టాన్ని తెగ్గొట్టారు. నిర్బంధం నుంచి తప్పించుకున్న హోటన్ రాజు మొదటి ఎడ్వర్డ్‌ను ఆశ్రయించి, అక్కడి నుంచి రోముకు వెళ్లి, పోప్ ఎనిమిదవ బోనిఫేస్ చేత పదవి తిరిగి సంపాదించుకున్నాడు. రాజు ఈ తగాదాను అవకాశంగా తీసుకుని బిషప్ అధికారాలను కొంతకాలం తన చేతుల్లోకి లాక్కున్నాడు. హోటన్ మాత్రం మరోసారి అప్పీలుకు వెళ్లి 1308లో పోప్ ఆస్థానంలోనే కన్నుమూశాడు. ప్రయరీకి ఈ వ్యాజ్యం విపరీతమైన ఖర్చు తెచ్చిపెట్టింది. సరిగ్గా స్కాట్లాండ్ యుద్ధాలు ఊపందుకుంటున్న సమయంలో వచ్చిన ఆ అప్పు చాలా ఏళ్లపాటు దాన్ని వెంటాడింది.

బిషప్పును ఎన్నుకునే హక్కు సూత్రప్రాయంగా సన్యాసులదే అయినా, ఆచరణలో రాజుదే పైచేయి. 1333లో వారు తమ మఠంలోని ఉపప్రయర్ రాబర్ట్ గ్రేస్టేన్స్‌ను ఎన్నుకున్నారు. యార్క్ ఆర్చిబిషప్ అతనికి అభిషేకం కూడా చేశాడు. అయినా మూడవ ఎడ్వర్డ్ ఒప్పుకోలేదు. రాజుకు కావలసిన రిచర్డ్ బరీకే పదవి దక్కింది. గ్రేస్టేన్స్ తిరిగి మఠంలోకి వచ్చాడు. అతని పేరుమీద ఉన్న మఠ చరిత్రలో అదే ఏడాది జరిగిన ఒక సంఘటన కనిపిస్తుంది. ఎడ్వర్డ్ రాణి ఫిలిప్పా ప్రయర్ నివాసంలో రాజుతో పాటు పడుకుని ఉండగా, కత్‌బర్ట్‌కు స్త్రీలు తన సన్నిధికి రావడం ఇష్టం ఉండదని ఒక సన్యాసి రాజుకు విన్నవించాడు. ఆమె నిద్రలేచి, లోపలి దుస్తుల మీదే పైవస్త్రం కప్పుకుని, మఠం ద్వారం దాటి కోటకు వెళ్లిపోయింది. ఈ నిషేధం కత్‌బర్ట్ జీవితకాలానిది కాదు. 1083 తరువాత వచ్చిన సన్యాసులే దీన్ని గట్టిగా ప్రచారం చేశారు. పెళ్లయిన పూజారులను వెళ్లగొట్టి వచ్చినవారికి, స్త్రీల పొడ గిట్టని సాధువు అవసరమయ్యాడని అనుకోవడం అన్యాయం కాదు. కతీడ్రల్ పడమటి భాగంలో నేలలో పరిచిన నల్లరాతి గీత నేటికీ ఉంది. స్త్రీలు దాన్ని దాటి తూర్పుకు వెళ్లకూడదన్నది మఠం నాటి నియమం.

వీటన్నింటికన్నా విలువైనది ప్రయరీ లోపలి ఆర్థిక వ్యవస్థ. మఠం ఆదాయం ఒక్క ఖజానాలో పోగయ్యేది కాదు. కొందరు సన్యాసులకు ఒక్కో శాఖ అప్పగించి, ఆ శాఖకు వేరే భూములూ చర్చి ఆదాయాలూ కేటాయించేవారు. వంటశాలకు సరుకు చూసే సెల్లరర్, దీపాలూ మైనమూ ప్రార్థనా సామగ్రీ చూసే శాక్రిస్ట్, దుస్తులు చూసే చేంబర్లిన్, దానధర్మాలు నడిపే ఆల్మనర్, అతిథులను చూసుకునే హోస్టిలర్, కత్‌బర్ట్ సమాధి కానుకలను లెక్కపెట్టే ఫెరెట్రార్ ఇలా ఎవరి లెక్క వారిది. వీరందరిలో పెద్ద బాధ్యత బర్సార్‌ది, మఠం ఆదాయంలో ప్రధాన భాగం అతని చేతుల మీదుగానే వెళ్లేది. ప్రతి ఏడాదీ ప్రతి అధికారీ తోలు చుట్టల మీద లాటిన్‌లో జమాఖర్చులు రాసి అప్పజెప్పేవాడు. 13వ శతాబ్దం చివరి నుంచి 16వ శతాబ్దం వరకు వందల కొద్దీ చుట్టలు నిలిచి ఉన్నాయి. న్యూకాజిల్ వర్తకుల దగ్గర కొన్న ద్రాక్షసారా, ఎండుచేపలూ హెర్రింగులూ, మిరియాలూ అల్లమూ, స్పెయిన్ నుంచి వచ్చిన ఇనుము, గాయకులకు ఇచ్చిన బహుమతులు ఇలా ప్రతిదీ ధరతో సహా అందులో ఉంటుంది. మఠానికి బొగ్గు గనులు కూడా ఉండేవి. 15వ శతాబ్దం చివర్లో ఫింకల్ శాఖవారు రెయిన్టన్ దగ్గర గనిలో నీరు తోడడానికి పంపు పెట్టించారు.

14వ శతాబ్దంలో ఈ వ్యవస్థ వరుస దెబ్బలు తిన్నది. సరిహద్దులోని నోరం, హోలీ ఐలండ్ చర్చిల దశమభాగాలు, అంటే పంటలో పదోవంతు, మఠానికి పెద్ద ఆదరువు. 1314 తరువాత స్కాట్ సైన్యాలు ఆ పొలాలను పదేపదే తగలబెట్టడంతో ఆ ఆదాయం కుప్పకూలింది, మళ్లీ పాత స్థాయికి ఎన్నడూ రాలేదు. 1346 అక్టోబరు 17న డర్హం పొలిమేరలోని నెవిల్స్ క్రాస్ దగ్గర స్కాట్ రాజు రెండవ డేవిడ్ బందీ అయ్యాడు. సన్యాసులు ఆ విజయాన్ని కత్‌బర్ట్ మహిమకు ఆపాదించారు. అప్పటి సేనాని రాల్ఫ్ నెవిల్‌ను 1367లో కతీడ్రల్ లోపలే సమాధి చేయనిచ్చారు. గృహస్థులకు అంతకుముందు దక్కని గౌరవం అది. మూడేళ్లు తిరగకుండానే 1349లో ప్లేగు వచ్చింది. సన్యాసుల్లో దాదాపు సగం మంది పోయారు. ప్రయరీ ఊళ్లలోని రైతుల్లో సగానికి పైగా చనిపోయారు. జారోలో అయితే నాలుగింట మూడు వంతులకన్నా ఎక్కువ మంది మరణించారు. కౌలుదారుల పేర్లను ఊరివారీగా రాసుకున్న ప్రయరీ కోర్టు పుస్తకాలు లేకపోతే ఈ సంగతులు మనకు ఇంత కచ్చితంగా తెలిసేవి కావు. మనుషులు కరువై కూలి పెరిగిన ఆ పరిస్థితుల్లో మఠం సొంత సేద్యాన్ని క్రమంగా వదులుకుని భూములను కౌలుకిచ్చింది. కొన్ని ఊళ్లలో రైతులే బృందాలుగా చేరి ఊరంతటినీ కలిపి కౌలుకు తీసుకున్నారు.

15వ శతాబ్దపు ప్రయర్లలో జాన్ వెసింగ్టన్ పేరు ముందు వస్తుంది. 1416 నుంచి 1446 వరకు మఠాన్ని నడిపిన ఆయన స్వయంగా పాత దస్తావేజులను వెదికి, మఠం హక్కుల మీద ఎన్నో గ్రంథాలు రాసుకున్నాడు. పాత హక్కు పోకూడదన్న తపన ఆయన ప్రతి పనిలోనూ కనిపిస్తుంది. అయినా ఆయన కాలంలోనే 1438లో, బర్సార్‌గా ఉన్న సన్యాసి పెద్ద మొత్తంలో అప్పులు దాచిపెట్టిన సంగతి బయటపడింది. వెసింగ్టన్ బర్సార్ పనిని ముగ్గురికి పంచాడు. ఏడెనిమిదేళ్ల తరువాత ఆ ఏర్పాటును రద్దు చేసి పాత పద్ధతికే రావలసి వచ్చింది. అప్పటి పరిస్థితిలో బర్సార్ పదవిని ఎవరూ ఇష్టపడి తీసుకోకపోవడంలో వింత లేదు. పడిపోతున్న శిస్తులతో పాత హంగులన్నీ నిలబెట్టే పని ఎంత సమర్థుడికైనా కష్టమే.

ఆ కాలపు సన్యాసుల జీవితాన్ని ఆకలి బతుకుగా ఊహించకూడదు. డర్హం ఆవరణలోనూ ఫింకల్, జారో, వియర్‌మత్, లైథమ్, స్టాంఫర్డ్ మొదలైన శాఖల్లోనూ కలిపి వారు డెబ్బై మందికి అటూఇటూ ఉండేవారు. ఒకేసారి నలుగురు చొప్పున మూడు వారాలపాటు ఫింకల్‌కు విశ్రాంతికి వెళ్లే ఏర్పాటు ఉండేది. తెలివైన యువకులను ఆక్స్‌ఫర్డ్‌లోని డర్హం కాలేజీకి పంపేవారు. 1593 ప్రాంతంలో రాసిన ఒక వర్ణన, మఠం రద్దయ్యాక కూడా దాని ఆచారాలు మరచిపోని మనిషి జ్ఞాపకాలతో నిండినది. దాని ప్రకారం చతురస్ర వరండాలోని ప్రతి కిటికీ దగ్గరా మూడేసి చెక్క గూళ్లుండేవి. మధ్యాహ్న భోజనం తరువాత ఒక్కొక్క పెద్ద సన్యాసి ఒక్కో గూటిలో కూర్చుని సాయంత్ర ప్రార్థన వరకు చదువుకునేవాడు. ఎదురుగా గోడకు పుస్తకాల బీరువాలుండేవి. శీతకాలంలో ఒక్క గదిలోనే సన్యాసుల కోసం నిప్పు మండేది. ఉత్తర ద్వారానికి ఉన్న కంచు రాక్షసముఖపు తలుపు కడియాన్ని పట్టుకున్న నేరస్థుడికి 37 రోజుల అభయం దొరికేది. ద్వారం పైగదుల్లో కాపలా ఉన్నవారు అతన్ని లోపలికి రానిచ్చి గంట మోగించేవారు. ఎడమ భుజం మీద పసుపు రంగు సిలువ ఉన్న నల్ల అంగీ తొడిగి, మఠం ఖర్చుతో తిండి పెట్టేవారు. 1464, 1524 మధ్య 331 మంది ఇలా ఆశ్రయం పొందినట్టు చిట్టాలో నమోదైంది. వారిలో హత్య చేసి వచ్చినవారే అధికం.

ఎనిమిదవ హెన్రీ మఠాలను రద్దు చేస్తున్నప్పుడు అతని అధికారులు కత్‌బర్ట్ సమాధి దగ్గరకు వచ్చారు. విలువైన రాళ్లూ లోహమూ తీసుకున్నాక పెట్టె పగలగొట్టిన కంసాలి, లోపల ఎముకలకు బదులు చెడని దేహం కనిపించిందనీ, తన దెబ్బకు దాని కాలు విరిగిందనీ కేక వేశాడని పైన చెప్పిన 1593 నాటి వర్ణన చెబుతుంది. దేహాన్ని తరువాత అదే చోట నేలలో పూడ్చారు. 1539 డిసెంబరు 31న ప్రయర్ హ్యూ వైట్‌హెడ్ మఠాన్ని రాజుకు అప్పగించాడు. ఇంగ్లండ్‌లో వందల మఠాల గోడలు కూలి, సీసపు కప్పులు కరిగి, భూములు అమ్ముడుపోతున్న రోజులవి. డర్హం గతి వేరైంది. 1541 మేలో దాన్ని డీన్ (కతీడ్రల్ పెద్ద), 12 మంది ప్రెబెండరీలు (కతీడ్రల్ ఆదాయంలో వాటా పొందే పూజారులు) ఉండే కొత్త కతీడ్రల్ సంస్థగా మార్చారు. వైట్‌హెడే మొదటి డీన్ అయ్యాడు. ఆ పన్నెండు మందీ పాత మఠం సన్యాసులే. ప్రయర్ ఇల్లు డీన్ ఇల్లయింది. 14వ శతాబ్దంలో జాన్ లూయిన్ కట్టిన ఎనిమిది మూలల వంటశాలలో 20వ శతాబ్దం దాకా పొయ్యి వెలిగింది. మిగిలిన సన్యాసులకు పింఛను ఇచ్చి పంపేశారు.

కొత్త సంస్థ పాత భూముల్లో చాలాభాగాన్ని అలాగే పొందింది. శిస్తు వసూలు చేయాలంటే పాత చుట్టలూ పాత పట్టాలూ కావాలి కాబట్టి వాటినీ భద్రపరచవలసి వచ్చింది. వేరే మఠాల్లో భూమి పదిమంది చేతుల్లోకి చెదిరినప్పుడు దస్తావేజులు కూడా చెదిరి, చాలా మటుకు నశించాయి. పాత మఠం పుస్తకాల్లో దాదాపు 300 చేతిరాత ప్రతులు కూడా డర్హంలోనే ఉన్నాయి. నేడు ఆ తోలు చుట్టలను డర్హం విశ్వవిద్యాలయంలో పరిశోధకులు చదువుతున్నారు. మధ్యయుగపు ఉత్తర ఇంగ్లండ్‌లో గోధుమ ధర ఎంత, ఏ సంవత్సరం ఓట్స్ ధాన్యం పండలేదు, ఒక తాపీమేస్త్రీకి రోజుకు ఎంత కూలి వచ్చేది అనే ప్రశ్నలకు జవాబులు వెదికేవారు మొదట తెరిచే చుట్టల్లో బర్సార్ రాసినవి ఉంటాయి. కత్‌బర్ట్ సమాధిని 1827లో జేమ్స్ రెయిన్ మళ్లీ తెరిపించినప్పుడు ఎముకలూ, బంగారు సిలువా, పేటిక ముక్కలూ, పట్టు వస్త్రాలూ బయటపడ్డాయి. ఎముకలను తిరిగి పూడ్చి, మిగిలినవాటిని కతీడ్రల్ సేకరణలో ఉంచారు.